రోకలి ఆగిన రోజు

ఒకానొక రాజ్యంలో నిద్రకు కరువొచ్చింది. గింజలకు కరువొచ్చిన రాజ్యాలున్నాయి, నీళ్లకు కరువొచ్చినవీ ఉన్నాయి. కంకణగిరి రాజ్యానికి మాత్రం నిద్ర కరువు పట్టుకుంది. ఆ కరువు ఆకాశం నుంచి రాలేదు, కోటలోంచి వచ్చింది.

కంకణగిరిని ఏలే చండభైరవరాజుకు ఒంట్లో ఓపిక ఉండేది కాదు. పొద్దున్నే అలసట, మధ్యాహ్నం అలసట. సింహాసనం మెట్లెక్కితే ఆయాసం. కిరీటం బరువని తీసి ఒళ్లో పెట్టుకుని కొలువు చేసేవాడు. డాబుకు మాత్రం లోటు లేదు.

"మా అలసట మీ అలసటలాంటిది కాదు. మీరు బస్తాలు మోసి అలసిపోతారు. మేము రాజ్యం మోసి అలసిపోతాం" అనేవాడు.

సభ తలలూపేది. తల ఊపే ఓపిక కూడా లేని ముసలి మంత్రులు కళ్లు మూసి తెరిచి సరిపెట్టేవారు.

రాజవైద్యుడు అనంతభట్టు ఆ అలసటకు ఒక లేహ్యం కట్టాడు. సత్తువనిచ్చే పెన్నేరు గడ్డ, తిప్పతీగ కాడలు, పిల్లిపీచర వేళ్లు, ఎండు ఉసిరి, పిప్పళ్లు రోట్లో పోసేవాడు. పైన తన సంచిలోంచి ఒక బూడిదరంగు పొడి చల్లేవాడు. అదేమిటంటే "గురువుగారు చెవిలో చెప్పిన రహస్యం" అనేవాడు. తేనె, నెయ్యి చేర్చి ఆ ముద్దను ఎంత దంచితే అంత గుణమని అతని మాట. తయారయ్యాక రాజు ఎదుటే ఉసిరికాయంత ముద్ద తాను తిని, అంతే ముద్ద రాజుకు పెట్టేవాడు. అంతకు మించి గోరంత కూడా తినకూడదన్నది పథ్యం.

ఇంతవరకూ ఏ రాజ్యంలోనైనా జరిగేదే. కంకణగిరిలో ఇంకో నియమం ఉండేది. రాజుగారి మందును రాజుగారికి వినబడేలాగే దంచాలి. మేడ కిటికీ కింద పెరట్లో పెద్ద రాతిరోలు, ఇనుప పొన్ను తొడిగిన రోకలి. రాత్రీ పగలూ ఆ రోకలి పోటు రాజు చెవిన పడుతూనే ఉండాలి. ఒక కుండ పూర్తయితే ఇంకో కుండకు మూలికలు సిద్ధం. పోటు ఆగిందంటే దంచే చెయ్యి ఖాళీ అయినట్టు, ఖాళీ అయిన చెయ్యి ఏదో కలిపినట్టు లెక్క.

ఈ భయం ఎందుకంటారా? చండభైరవరాజుకు ముందు వాళ్ల అన్నగారు రాజ్యం చేశాడు. ఆయనా ఇలాంటి లేహ్యమే తినేవాడు. ఒకనాడు తిని పడుకుని మరి లేవలేదు. ఆ రాత్రి రోకలి కాసేపు ఆగిందని ఊళ్లో చెప్పుకున్నారు. ఆగినప్పుడు రోలు దగ్గర ఎవరున్నారో కూడా చెప్పుకున్నారు, కాకపోతే నోటితో కాదు. తమ్ముడు రాజయ్యాక ఆ ముచ్చట అక్కడితో చచ్చింది.

దంచడానికి ఇంటికొకరు వంతు రావాలి. వంతుకు రానివాళ్ల ఇల్లు పీకి పందిరేస్తారు. ఆ పోటు కోట గోడలు దాటి ఊరంతా మోగేది. పాలు తాగే పిల్లలు ఉలిక్కిపడేవారు. నాగలి పట్టినవాళ్లు చాళ్లలోనే కూలబడేవారు. కుమ్మరి సారె మీదే తూగితే కుండలన్నీ వంకరే. రాజుకు పట్టిన జబ్బు ఊరికి అంటింది, కానీ ఊరికి లేహ్యం పెట్టేవాడు లేడు.

రోకలి ఆపిన మనిషికి శిక్ష ఏమిటంటే, ఆ కుండెడు లేహ్యం మొత్తం తినాలి. "విషం కలపకపోతే బతుకుతాడు, కలిపితే చస్తాడు. ఇంతకంటే ధర్మమైన తీర్పు చెప్పిన రాజును చూపించండి" అనేవాడు చండభైరవరాజు.

పోయిన వానాకాలం కంబళ్లు నేసే గౌరయ రోలు దగ్గర తూలి పడ్డాడు. కుండ తినిపించారు. సాయంత్రానికి ఒళ్లు విల్లులా వంగిపోయి, దవడలు బిగిసి, తెలివి ఉండగానే ప్రాణం పోయింది. "చూశారా, కలిపాడు" అన్నాడు రాజు. సభ తలలూపింది.

ఆ రోజు పేరయ సభలోనే ఉన్నాడు.

పేరయ కొలువులో విదూషకుడు. రాజును నవ్వించడం అతని పని, తల నిలబెట్టుకోవడం అతని విద్య. గౌరయ మెలికలు తిరుగుతుంటే అందరూ కుండవైపు చూశారు. పేరయ మాత్రం అనంతభట్టు వైపు చూశాడు. భట్టు కుండను చూడలేదు, గౌరయనూ చూడలేదు, తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. ఉసిరికాయకు మించి తినొద్దని రాజుకే చెప్పే మందును ఒక మనిషి కుండెడు తింటే ఏమవుతుంది? పేరయకు ఆ క్షణంలోనే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు.

రోజులు అలాగే దొర్లుతుండగా వంతు పేరయ ఇంటికి వచ్చింది. అతని భార్య బాలింత. కొలువు మానే వీలు అతనికి లేదు. వాళ్లక్క ముత్తక్క కొంగు బిగించి బయలుదేరింది. తల్లి పోయాక పేరయను చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఒక రాత్రీ ఒక పగలూ దంచితే ఆవిడ వంతు తీరాలి. తరువాతి ఇంట్లో అందరూ జ్వరాన పడి ఎవరూ రాలేదు. మారు మనిషి లేకుండా రోలు వదలకూడదు. ఇంకో రాత్రి కూడా ముత్తక్కే దంచింది. తెల్లవారుజామున రోకలి ఆగింది.

రాజు స్వయంగా మెట్లు దిగి వచ్చాడు. "ఏం కలిపావు?"

"ఏమీ లేదు బాబూ, కునుకు పట్టింది" అంది ముత్తక్క.

"గౌరయ కూడా అదే అన్నాడు" అన్నాడు రాజు. దీపాలవేళకు ఆ కుండ ఆవిడ చేత తినిపించమన్నాడు. కుండ ఇంకా తయారు కాలేదు కనుక అందాకా ఆవిడనే దంచమన్నాడు.

పేరయ పరుగున వచ్చేసరికి అక్క తన కుండ తనే దంచుకుంటోంది. రోకలి సగం ఎత్తు దాకానే లేస్తోంది. పక్కన ఈటె పట్టుకున్న భటుడి కళ్లు కూడా మూతలు పడుతున్నాయి.

"ఏరా, ఏమైనా తిన్నావా?" అంది ముత్తక్క.

పేరయ రోలు పక్కన కూలబడ్డాడు.

"ఎందుకక్కా, ఎందుకు ఆపావు?" అన్నాడు.

"నేనెక్కడ ఆపానురా, చెయ్యే ఆగిపోయింది. ఎంతసేపని? రెండు రెప్పపాట్లు. ఆ కునుకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మన అమ్మ కలలోకి వచ్చింది." ఒక పోటు వేసి మళ్లీ అంది. "రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడి లాభం లేదు. నీ పెళ్లాం పచ్చి బాలింత. ఇల్లు జాగ్రత్త."

పేరయ కళ్లు తుడుచుకుని తిన్నగా కొలువుకు వెళ్లాడు. వెళ్లేది ఏడవడానికి కాదు. ఏడిస్తే చండభైరవరాజుకు విసుగు పుడుతుంది. విసుగు పుట్టిన రాజు దీపాలవేళ దాకా కూడా ఆగడు.

సభలో రాజు కిరీటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ల కింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి.

"పేరయా, మీ అక్కటగా. బతిమాలడానికి వచ్చావా?"

"లేదు ప్రభూ. అక్క ఎక్కడికి పోతుంది, రోలు దగ్గరే ఉంది. నా దిగులంతా ప్రభువుల గురించే. ఈ కుండ ఆవిడ తింటుంది. రేపటి కుండ ఎవరు దంచుతారు?"

"వంతు ఉన్నవాళ్లు."

"వాళ్లలో కలపనివాడు ఎవరని నమ్మడం? ఎల్లుండి వాడిని? ప్రభువులు చెవి ఒగ్గి ఎన్నాళ్లని వింటారు? పోటుకూ పోటుకూ మధ్య ఎంత పని జరిగిపోతుందో ప్రభువులకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

ఒక ముసలి మంత్రి నిజంగానే మేలుకున్నాడు. రాజు పేరయను చాలాసేపు చూశాడు. పేరయ ముఖంలో అమాయకత్వం తప్ప మరేమీ లేదు. దాన్ని అక్కడ నిలబెట్టడానికి లోపల అతనికి ఎంత చెమట పట్టిందో మనకు తెలుసు, రాజుకు తెలియదు.

"ఏమంటావు?" అన్నాడు రాజు మెల్లగా.

"ఈ భూమ్మీద ప్రభువులకు అనుమానం లేని చేతులు రెండే రెండు, ప్రభూ. అవి ప్రభువులవే."

"మమ్మల్ని రోకలి పట్టుకోమంటావా!" రాజు లేవబోయి, ఓపిక లేక కూర్చున్నాడు.

"బస్తాలు మోసేవాడి అలసటకు మందు ఎవరు దంచినా ఒకటే. ఇది రాజ్యం మోసిన అలసట. మామూలు చేతులు దంచితే ఎక్కుతుందా? అందుకే ఇన్నాళ్లూ గుణం కనిపించలేదేమో. శాస్త్రంలో ఉండే ఉంటుంది. భట్టుగారికి తెలియని శాస్త్రమా?"

అనంతభట్టుకు తెలియదన్న మాట పలికే అలవాటు లేదు. పైగా ఇన్నాళ్లూ లేహ్యం పనిచేయనందుకు ఒక సాకు చేతికందింది. "ఉంది, ఉంది. రోగి తన మందు తానే మర్దించుకోవడం ఉత్తమోత్తమం. నేనే మనవి చేద్దామనుకుంటున్నాను" అన్నాడు గడ్డం సవరించుకుంటూ.

రాజుకు ఆలోచన నచ్చింది. విషం కలిపేవాడు ఉండడు, చెవి ఒగ్గే బాధ ఉండదు. ఆడమనిషి చేసే పనిని రాజు చేస్తే దానికి ఎంత గౌరవం వస్తుందో కూడా అతనే సభకు వివరించాడు.

"నయం కాకపోతే?" అన్నాడు చివర.

"అక్క కుండ అక్కా నేనూ చెరిసగం తింటాం. అందాకా ఆవిడను స్తంభానికి కట్టి ఉంచండి. ఒక్క సందేహం ప్రభూ. దంచేటప్పుడు పోటు ఆగకూడదన్న నియమం... ఇది రాజహస్తం కదా, సడలించమంటారా?"

అక్కడ పేరయ రాజుకు నొప్పి తగిలే చోట వేలు పెట్టాడు.

"సడలించడమా?" చండభైరవరాజు మీసం దువ్వాడు. "మా నియమానికి చుట్టరికం లేదు. కూలిదైనా ఒకటే, రాజైనా ఒకటే. మేము ఆపితే మేమే తింటాం కుండెడూ. రాయించి కోటగుమ్మానికి కట్టండి. అయినా రెండు పోట్లు వేసి తూగడానికి మేమేమన్నా కంబళ్లవాళ్లమా?"

ఎవరో నవ్వారు. పేరయ కూడా నవ్వాడు. ఆ నవ్వు నోట్లో బూడిదలా ఉంది.

ముత్తక్క కుండకు మూత వేసి పక్కన పెట్టారు. రోలు కడిగారు. భట్టు కొత్త మూలికలు, తేనె, నెయ్యి పోసి, బూడిదరంగు పొడి చల్లాడు. ఆవిడను పెరటి స్తంభానికి కట్టారు. రోలు దరిదాపులకు ఎవరూ రాకూడదని రాజు ఆజ్ఞ. "మరి వినేదెవరు?" అని రాజు అడిగితే "నేనున్నాను ప్రభూ" అని పేరయ మేడెక్కి రాజు కూర్చునే కిటికీలో కూర్చున్నాడు.

రాజు అంగవస్త్రం నడుముకు బిగించి మొదటి పోటు వేశాడు. పెన్నేరు గడ్డ ఎండితే కర్రే. తిప్పతీగ పీచు రోకలికి చుట్టుకుంటుంది. కాసేపటికి హారాలు తీసేశాడు. ఇంకాసేపటికి కిరీటం తీసి నేలమీద పెట్టాడు. ఎండ నెత్తికెక్కింది. చిన్నప్పుడెప్పుడో కత్తిసాము చేసిన ఒళ్లు ఏనాడో మరిచిపోయిన చెమట ధారగా కారసాగింది. ఆపుదామంటే కోటగుమ్మాన రాయించిన మాట ఉంది.

పైన కిటికీలో పేరయ వింటున్నాడు. ఆ చప్పుడు నేలలోంచి కుర్చీలోకి, కుర్చీలోంచి పళ్లలోకి ఎక్కుతోంది. ప్రతి పోటుకూ తరువాత ఒక ఖాళీ. ఆ ఖాళీలో గుండె ఆగి, మళ్లీ పోటు పడ్డాక కొట్టుకుంటోంది. పేరయకు అప్పుడు తెలిసింది, రాజు ఇన్నేళ్లూ ఇక్కడ కూర్చుని వింటున్నది రోకలిని కాదు, రోకలి ఆగడాన్ని. అన్నను తలచుకుంటూ విన్నాడు. ఇలా వినేవాడికి పెన్నేరు గడ్డ ఏం చేస్తుంది? అమృతం తెచ్చి పోసినా ఏం చేస్తుంది? పేరయకు ఒక్క క్షణం రాజు మీద జాలి కలిగింది. కిటికీలోంచి స్తంభానికి కట్టిన అక్క కనబడింది, జాలి పోయింది.

పోటు నెమ్మదించింది. ఒకటి పడింది. చాలాసేపటికి ఇంకొకటి పడింది. తరువాత పడలేదు.

పేరయ అడుగుల చప్పుడు కాకుండా మెట్లు దిగాడు.

చండభైరవరాజు రోటి అంచు మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుంది, గడ్డానికి లేహ్యం అంటింది. స్తంభానికి కట్టిన తాడు మీదే వాలి ముత్తక్క నిద్రపోతోంది. భటులు ఈటెలు పట్టుకుని నిలబడే నిద్రపోతున్నారు. వంటశాలలోంచి పొగ రావడం లేదు. పేరయ కోటగుమ్మం దాకా నడిచి బయటికి చూశాడు. వీధిలో బండి ఆగి ఉంది, బండివాడు కాడి మీద తల పెట్టి పడుకున్నాడు. ఎద్దులు కూడా పడుకున్నాయి. పట్టపగలు ఊరంతా నిద్రపోతోంది. ఎక్కడో ఒక పిల్ల ఏడ్చి, తనంతట తానే ఊరుకుంది.

పేరయ రోలు దగ్గరికి తిరిగి వచ్చాడు. రోకలి రాజు చేతిలోంచి జారుతోంది. పడితే చప్పుడవుతుందని పట్టుకున్నాడు. చాలా బరువుంది. అడుగున ఇనుప పొన్ను ఎండకు మెరుస్తోంది. రాజు తల సరిగ్గా రోటి అంచున ఉంది. గౌరయ గుర్తొచ్చాడు. ఒక్క పోటు చాలు. చూసేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. పేరయ అలాగే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. తరువాత రోకలిని జాగ్రత్తగా గోడకు చేరవేసి, ఎండ రాజు ముఖాన పడకుండా అంగవస్త్రం కప్పి, కాపలా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక రాజు కళ్లు తెరిచాడు. తెరుస్తూనే "రోకలి!" అని కేక పెట్టాడు. ఆ కేకకు కోటంతా దిగ్గున లేచింది.

"గోడకు చేరవేశాను ప్రభూ."

రాజు రోట్లోకి చూశాడు, చేతులు చూసుకున్నాడు. "ఎవరైనా... ఏమైనా కలిపారా?"

"కలపడానికి ఎవరూ మేలుకుని లేరు ప్రభూ."

"నువ్వు?"

"నేను మేలుకునే ఉన్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మరి ఎందుకు కలపలేదు?" అన్నాడు రాజు గొంతు తగ్గించి.

"ఆ పని అందరికీ చేతకాదు ప్రభూ."

రాజు చూపు తిప్పుకున్నాడు. పేరయ రోట్లోంచి ఉసిరికాయంత ముద్ద తీసి రాజు ఎదుటే మింగాడు. కాసేపు గడిచింది. పేరయకు ఏమీ కాలేదు. ఈలోగా రాజు కడుపులోంచి పెద్ద చప్పుడు వచ్చింది.

"మాకు ఆకలేస్తోంది" అన్నాడు చండభైరవరాజు ఆశ్చర్యంగా. లేచి నిలబడ్డాడు. ఆయాసం లేదు. నాలుగడుగులు వేశాడు. "అలసట లేదు! మందు పనిచేసింది! కానీ మేము ఇంకా తిననే లేదే?"

"ఇది తినే మందు కాదనుకుంటాను ప్రభూ, దంచే మందు."

రాజుకు అది బాగా నచ్చింది. కొలువు తీర్చాడు. కిరీటం ఒళ్లో కాదు, తల మీదే పెట్టుకున్నాడు. జరిగింది చెప్పి, రాజహస్తం మహిమ వర్ణించి, చివర చెయ్యి ఊపాడు. "పేరయా, నువ్వు బతికిపోయావు. ఇక మీ అక్క సంగతి. మా ఒళ్లు బాగైనంత మాత్రాన ఆమె నేరం చెరిగిపోదు. రోకలి ఆపింది. నియమం నియమమే. ఆ కుండ తెచ్చి తినిపించండి."

ముత్తక్కను తీసుకొచ్చారు. ఆవిడ తమ్ముడిని చూసి, ఫరవాలేదన్నట్టు తల ఊపింది.

"చిత్తం ప్రభూ. కుండలు రెండూ తెప్పించాలి" అన్నాడు పేరయ.

"రెండా?"

"అక్క రెండు రెప్పపాట్లు ఆపింది. నిన్న ఎండ నడినెత్తిన ఉండగా రోకలి మళ్లీ ఆగింది. ఇవాళ పొద్దెక్కేదాకా ఆగే ఉంది. వినడానికి నన్నే నియమించారు కనుక చెప్పక తప్పదు."

కోటగుమ్మాన కట్టిన రాత అక్కడి నుంచే కనబడుతోంది. రాజు ముఖం మొదట పాలిపోయింది, తరువాత ఎర్రబడింది. నిండు సభలో మాట తప్పడమా? ఇంతకీ తప్పాల్సిన అవసరం ఏముంది? మందు తానే దంచాడు, పేరయ తిని చూపించాడు.

"తెండి!" అని గర్జించాడు. "అది మా చేత్తో దంచింది. అందులో విషం ఎక్కడిది? చండభైరవుడు మాట తప్పడని మీ మనవలకు చెప్పుకోండి. ముందు మేము తింటాం, తరువాత ఆమె తింటుంది."

రోట్లో మందు కుండకెత్తి తెచ్చారు. రాజు చెయ్యి నిండా ముద్ద తీశాడు. పేరయ భట్టు వైపు చూశాడు. భట్టు మళ్లీ తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. భట్టు నోరు విప్పకపోతే తాను విప్పాలా, ఊరుకోవాలా? పేరయకు నిజంగా తెలియదు. ముద్ద రాజు పెదవుల దాకా వెళ్లింది.

"వద్దు మహాప్రభో!" అనంతభట్టు వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "తినకండి! అందులో ముషిణి గింజల పొడి ఉంది!"

ముషిణి అంటే ఊళ్లో పిచ్చికుక్కలకు పెట్టే గింజ. సభలో అది తెలియనివాడు లేడు.

"శుద్ధి చేసినదే ప్రభూ! ఉసిరికాయంతలో ఉన్నది నరాలకు పట్టు ఇస్తుంది, కాసేపు చురుకు పుట్టిస్తుంది. మించితే... కుండెడు తింటే ఎవరైనా సరే..."

"ఎవరైనా సరే?" అన్నాడు రాజు.

"ఎవరైనా సరే, ప్రభూ."

ముద్ద రాజు వేళ్ల సందుల్లోంచి కిందికి జారింది.

"అయితే ఆ కంబళ్లవాడు..." అని, రాజు ఆ మాట అక్కడే వదిలేశాడు. పూర్తి చేయమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. భట్టు వెక్కుతున్నాడు. పేరయ అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు రాజు నోటి నుంచి ఏ మాటైనా రావచ్చు. ఈ సంగతి విన్న ప్రతివాడి తలా తీయించవచ్చు.

చండభైరవరాజు నవ్వాడు. మొదట ముక్కుతో నవ్వాడు, తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "మమ్మల్ని మా రోట్లోనే దంచావుగా పేరయా!" అన్నాడు. రాజు నవ్వాడు కనుక సభ నవ్వింది. మెడలో ముత్యాల హారం తీసి పేరయ మెడలో వేశాడు. ముత్తక్క కట్లు విప్పించాడు. రెండు కుండలూ ఊరి బయట గొయ్యి తీసి పాతించాడు. భట్టును ఆ పూటే రాజ్యం దాటించాడు. రాతిరోలు బోర్లించమన్నాడు. అప్పటి నుంచి చిన్న రోట్లో తన పెన్నేరు గడ్డ తానే చెమట పట్టేలా దంచుకుని, గోరంత పొడి పాలలో మరిగించుకు తాగి, దీపం ఆర్పి పడుకునేవాడట. అలసట చాలావరకు తగ్గిందంటారు. కిటికీ మాత్రం ఇటుకలతో మూయించాడు.

ఈ కథ చెప్పేవాళ్లు రాజు నవ్వడంతో ఆపేస్తారు. రాజు నవ్వాడు, అది నిజమే. పేరయ అక్కను తీసుకుని ఇంటికి నడిచిన సంగతి మిగిలి ఉంది.

వీధులన్నీ ఇంకా మత్తుగా ఉన్నాయి. తలుపులు బార్లా తెరిచి, అరుగుల మీద ఎక్కడివాళ్లక్కడ పడుకున్నారు. ఒక్క ఇంట్లో మాత్రం ఒక మనిషి మేలుకుని ఉంది. గౌరయ భార్య బయ్యమ్మ అరుగు మీద కూర్చుని ఉన్ని ఏకుతోంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోటలో జరిగింది అప్పటికే ఆవిడ చెవిన పడింది.

"రా ముత్తక్కా. బతికొచ్చావు, చల్లగా ఉండు" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. తరువాత పేరయ మెడలోని హారం చూసింది, ముఖం చూసింది.

"రాజు బాగా నవ్వాడటగా అయ్యా?"

"నవ్వాడు బయ్యమ్మా."

"మంచి ఉపాయం." ఆవిడ గొంతులో కోపం లేదు. ఒక ఉన్ని పాయ ఏకి పక్కన పెట్టింది. "మా ఆయన కుండ ముందు కూర్చున్నప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు కదయ్యా. అప్పుడు తోచలేదా?"

కంకణగిరిలో పేరయ జవాబు చెప్పలేని ప్రశ్న లేదని పేరు. ముత్తక్క కూడా తమ్ముడి వైపు చూసింది. అతను మెడలో హారం తీశాడు. తీసి ఏం చేయాలో తెలియక చేతిలో పట్టుకుని అరుగు కింద మట్టిలో కూర్చున్నాడు.

బయ్యమ్మ తల వంచుకుని మళ్లీ ఉన్ని ఏకడం మొదలుపెట్టింది.